సీల్డ్ లిక్విడ్ కూలర్ మర విప్పే ముందు

కంప్యూటర్ ఆన్ చేయగానే గుడగుడమని చప్పుడు. ప్రాసెసర్ వేడి చూస్తే నిరుటికంటే పది డిగ్రీలు ఎక్కువ. లిక్విడ్ కూలర్ (పంపుతో ద్రవాన్ని గొట్టాల్లో తిప్పి ప్రాసెసర్ వేడిని లాగేసేది) కొని నాలుగైదేళ్లయినవాళ్లకి ఈ రెండూ కలిసి వచ్చాయంటే చెయ్యి స్క్రూడ్రైవర్ మీదికే పోతుంది. లోపల నీళ్లు తగ్గుంటాయి, కాస్త పోస్తే సరిపోతుందని.

తగ్గే ఉండొచ్చు కూడా. సీల్ ఎంత గట్టిదైనా గొట్టాల గోడల్లోంచి ఆవిరి ఏళ్ల తరబడి చుక్కచుక్కగా పోతూనే ఉంటుంది, బయట ఎక్కడా తడి కనపడదు. అయితే ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోవడం, ద్రవాన్ని చల్లార్చే రేడియేటర్ రెక్కల్లో పట్టిన దుమ్ము, ఆఖరి దశలో ఉన్న పంపు కూడా వేడిని ఇలాగే పెంచుతాయి. కాబట్టి ముందు దుమ్ము దులపండి, పేస్ట్ మార్చండి, బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగుల తెరలో) పంపు వేగం ఎంతుందో చూడండి. పంపు తిరగకపోతే ఎంత పోసినా దండగే. చప్పుడొక్కటే బాధైతే రేడియేటర్ ఎలా బిగించి ఉందో గమనించండి. గాలి ఎప్పుడూ పైకే పోతుంది. పంపు అన్నిటికంటే ఎత్తులో ఉంటే ఆ గాలి అక్కడే చేరుతుంది. రేడియేటర్ పై అంచు పంపుకంటే ఎత్తులో ఉండేలా మార్చి బిగిస్తే చాలాసార్లు గోల అక్కడితో తీరిపోతుంది.

వారంటీ ఇంకా ఉంటే విప్పకండి, అంతే.

వారంటీ దాటిపోయాక కూడా కూలర్లన్నీ ఒకటి కాదు. బీ క్వైట్ ప్యూర్ లూప్‌లాంటి వాటికి నింపుకోవడానికే ఓ మూత ఉంటుంది, పెట్టెలోనే ద్రవం సీసా ఇస్తారు. ఆల్ఫాకూల్ ఐస్‌బేర్‌కి విడిభాగాలు కొని సొంతంగా అమర్చుకునే కస్టమ్ లూప్‌లకి వాడే మామూలు ఫిట్టింగులే వాడారు, రేడియేటరూ రాగిదే. మిగతా చాలావాటిలో గొట్టాల చివర నొక్కి బిగించిన రింగులుంటాయి. వాటిని కోస్తే మళ్లీ అదే పట్టు రాదు, కొత్త క్లాంపులు వేయాల్సిందే. అలాంటి కూలర్‌ని పోయినా పరవాలేదనుకుంటేనే కోయండి.

తీసేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. ఏఎండీ కంపెనీ ఏఎమ్4 రకం సాకెట్‌లో కూర్చునే ప్రాసెసర్లకి పిన్నులు కిందే ఉంటాయి. పేస్ట్ గట్టిపడితే కూలర్‌తోపాటు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. కాసేపు ఏదైనా బరువైన పని పెట్టి వేడెక్కనిచ్చి, ఆపేసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ లేపండి. తర్వాత పూర్తిగా చల్లారేదాకా ఆగండి. విప్పడం, నింపడం కంప్యూటర్‌కి దూరంగా వేరే బల్ల మీదే చేయండి. క్యాబినెట్‌లో ఉండగానే పోసేవాళ్లని చూశాను, ఆ ధైర్యం నాకు లేదు.

ఇక అసలు సంగతి, లోపల ఏం పోస్తామన్నది. అందరూ లీకేజీకే భయపడతారు గానీ తప్పు ద్రవం కూడా కూలర్‌ని చంపేస్తుంది. ప్రాసెసర్‌ని ఆనుకునే పలక రాగిది, రేడియేటర్ చాలావాటిలో అల్యూమినియంది. ఈ రెండు లోహాలు ఒకే నీళ్లలో ఉంటే అల్యూమినియం కరుగుతూ పోతుంది. కంపెనీవాళ్లు నీళ్లలో గ్లైకాల్, తుప్పును ఆపే మందు, పాచి పట్టకుండా ఇంకో మందు కలిపేది అందుకే. నేను మొదటిసారి వట్టి డిస్టిల్డ్ వాటర్ పోసి, వేడి పన్నెండు డిగ్రీలు తగ్గిందని మురిసిపోయాను. ఎనిమిది నెలలకి మళ్లీ విప్పి చూస్తే రాగి పలక మీది సన్నని గాళ్ల నిండా తెల్లటి గుజ్జు. ఆ గాళ్లు వెంట్రుకంత సన్నవి, కొంచెం చెత్త చాలు పూడిపోవడానికి. కుళాయి నీళ్లు ఇంకా అన్యాయం. కాచి చల్లార్చినంత మాత్రాన అందులోని ఖనిజాలు పోవు. అల్యూమినియానికి పనికొస్తుందని సీసా మీద రాసి ఉన్న కూలెంట్ మాత్రమే కొనండి. పాతది కొంచెం ఉంచి పైన కొత్తది కలపొద్దు, మందులు ఒకదానికొకటి పడక విరిగిపోవచ్చు. లోపల కడగాలంటే డిస్టిల్డ్ వాటరే వాడండి. వెనిగర్, బ్లీచ్ అల్యూమినియాన్ని తినేస్తాయి.

కొన్ని కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలూ పిల్లులూ నాకితే చచ్చిపోతాయి. గ్లవ్స్ వేసుకోండి, తీసిన ద్రవాన్ని పిల్లలకి అందని మూత డబ్బాలో పెట్టండి.

అంచుదాకా నింపకండి. 20 డిగ్రీల నీళ్లు 60కి చేరితే దాదాపు ఒకటిన్నర శాతం ఉబ్బుతాయి, గ్లైకాల్ ఉంటే ఇంకాస్త ఎక్కువే. ఆ కాస్త గాలి లోపల లేకపోతే ఒత్తిడంతా కీళ్ల మీదే పడుతుంది. మధ్యమధ్యలో రేడియేటర్‌ని పక్కలకి వంచుతూ బుడగలు పైకి రానివ్వండి. పలక విప్పి ఉంటే ఓ-రింగు (కారకుండా ఆపే రబ్బరు చుట్ట) గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చూసుకుని, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. పంపుని పొడిగా ఒక్క క్షణం కూడా తిప్పొద్దు, దాని బేరింగుకి నూనె ఆ ద్రవమే.

తర్వాత కిచెన్ తూకం మీద కూలర్‌ని తూచి రాసిపెట్టుకోండి. కింద టిష్యూలు పరిచి, వేరే పవర్ సప్లైతో పంపుని మాత్రమే 24 గంటలు తిప్పండి. ఆ పవర్ సప్లై తీగేదీ మదర్‌బోర్డుకి తగిలించకూడదు. మళ్లీ తూచండి. ఒకటి రెండు గ్రాములు తగ్గితే, టిష్యూ పొడిగానే ఉన్నా సరే, ఎక్కడో కారుతున్నట్టే. అలాంటిది ప్రాసెసర్ మీద పెట్టొద్దు.

పెట్టాక మొదటి వారం రోజూ వేడి చూస్తుండండి. పంపు ఆగిపోతే ఇప్పటి ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి, కాలిపోవు. కారిన చుక్క గ్రాఫిక్స్ కార్డు మీద పడితే మాత్రం దిక్కులేదు. వెంటనే ప్లగ్గు పీకి, కార్డు తీసి, పూర్తిగా ఆరేదాకా ఆన్ చేయకండి. కొన్ని నెలల తర్వాత కీళ్ల దగ్గర తెల్లటి, పచ్చటి పొక్కు కనిపిస్తే రెండోసారి నింపొద్దు, కొత్తది కొనుక్కోండి.