చెయ్యి వాపు దిగిన విధం

కుడి రొమ్ముకి క్యాన్సర్ ఆపరేషన్ చేసినప్పుడు చంకలో లింఫ్ గ్రంథులు (ఒంట్లో ఊరే నీటిని వడగట్టే చిన్న గడ్డలు) కూడా తీశారు, ఆ పైన రేడియేషన్. ఏడాది దాటాక మా పొదలకూరు ఎండల్లో కుడిచేతి గాజులు బిగిశాయి. నొప్పి లేదు, బరువే. నెల్లూరులో ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పిందేమంటే, నీరు పోయే దారులు తగ్గాయి, మిగిలినవాటికి మళ్లించాలి. అందుకు మర్దన చెయ్యాలంది, అయితే మనమనుకునే మర్దన కాదు. చర్మం కొంచెం జరిగితే చాలు, ముందు మెడ, ఛాతీ దగ్గర, ఆ తర్వాతే చెయ్యి. మా అత్తమ్మ ఆముదం పెట్టి గట్టిగా రుద్దుతానంటే దణ్ణం పెట్టేశా! మొదట పొరలుపొరలుగా కట్లు, వాపు దిగాక కొలతలిచ్చి తెప్పించిన బిగుతు తొడుగు. మే నెలలో అది నరకమే, అయినా పగలంతా వేసుకుంటా, రాత్రి తీస్తా.

బిందె ఎత్తొద్దని ఊరంతా చెప్పారు. ఆ అమ్మాయి మాత్రం తేలిక బరువులతో మొదలెట్టి మెల్లగా పెంచమంది, అదే పనిచేసింది. నిమ్మతోటలో ముళ్లకి గ్లౌజులు తప్పనిసరి. గీసుకుంటే వెంటనే సబ్బుతో కడిగి మందు రాస్తా. ఎర్రబడి, వేడెక్కి, జ్వరమొస్తే మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి. వాపు పూర్తిగా పోలేదు, గాజులు మాత్రం ఎక్కుతున్నాయి.