ఫ్రాక్షనల్ జెట్ పైలట్ ఉద్యోగం: ఏడు రోజుల టూర్‌ని సక్రమంగా నడపడం ఎలా

ఒక జెట్‌ని కొందరు వాటాలుగా కొనుక్కుని, నడిపే పని మాత్రం కంపెనీకి అప్పగించడమే ఫ్రాక్షనల్ పద్ధతి. 1986లో అమెరికాలో నెట్‌జెట్స్ పేరుతో మొదలైంది. ఫ్లెక్స్‌జెట్, ప్లేన్‌సెన్స్, ఎయిర్‌షేర్ వంటివి ఆ తర్వాత వచ్చాయి. అక్కడి నిబంధనల్లో విమానానికి కనీస వాటా పదహారో వంతు, అంటే మామూలు లెక్కన ఏడాదికి 50 గంటల ప్రయాణం. ఎయిర్‌లైన్ నుంచి వచ్చిన పైలట్లకి ఇక్కడ ఎగరడంలో కొత్తేమీ ఉండదు. తడబాటంతా నేలమీదే. ఎయిర్‌లైన్‌లో పది మంది పంచుకునే పని ఇక్కడ ఇద్దరే చేయాలి. పైగా విమానం సొంతదారే వెనక సీట్లో కూర్చుంటాడు.

చేరడానికి చట్టం అడిగేది తక్కువే. అమెరికా విమానయాన నిబంధనల్లో ఫ్రాక్షనల్ విమానాలకి వర్తించే పార్ట్ 91 సబ్‌పార్ట్ కె ప్రకారం కెప్టెన్‌కి కనీసం 1,500 గంటలు, ఫస్ట్ ఆఫీసర్‌కి 500 గంటలు. మల్టీ ఇంజన్ టర్బైన్ విమానమైతే కెప్టెన్‌కి ఏటీపీ (ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్) లైసెన్సు, ఆ రకం విమానం నడిపే అర్హతైన టైప్ రేటింగ్ ఉండాలి. కంపెనీలు ఇంతకన్నా ఎక్కువే అడగవచ్చు. ఫెయిలైన చెక్‌రైడ్ (విమానం నడిపి చూపే పరీక్ష) ఏదైనా ఉంటే దరఖాస్తులోనే రాయండి. పైలట్ రికార్డ్స్ డేటాబేస్‌లో పాత కంపెనీల రికార్డులు కనిపిస్తాయి. ఫెయిలవడం కన్నా దాచడమే ఎక్కువ నష్టం చేస్తుంది.

టూర్ సాధారణంగా ఏడు రోజుల పని, ఏడు రోజుల సెలవు. మొదటి రోజు కంపెనీ టికెట్‌తో ఎయిర్‌లైన్‌లో జెట్ ఉన్న ఊరికి వెళ్తారు. కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. ఆ ప్రయాణం విశ్రాంతి కిందికి రాదు. తెల్లవారుజామున ఇంటినుంచి బయల్దేరి, మధ్యాహ్నం విమానం అందుకుని, రాత్రి మూడో లెగ్ (ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఒక ప్రయాణం) ఒప్పుకునే ముందు ఆ గంటలన్నీ కలిపి చూసుకోండి. ఇద్దరు పైలట్ల సిబ్బందికి డ్యూటీ 14 గంటలు, అందులో ఎగరడం 10 గంటల దాకా, ముందూ వెనకా 10 గంటల చొప్పున విశ్రాంతి. ఎగిరిన సమయం 10 గంటలు దాటితే 12 దాకా వెళ్లవచ్చు కానీ తర్వాతి విశ్రాంతి 12 గంటలవుతుంది. ఒకే దిశలో వెళ్తూ ఐదు గంటలో అంతకన్నా ఎక్కువో టైమ్ జోన్ తేడా వస్తే విశ్రాంతి 14 గంటలు, ఎగిరే సమయాన్నీ పొడిగించి ఉంటే 18. విశ్రాంతి సమయంలో కంపెనీ ఫోన్ ఎత్తి తీరాలన్న నిబంధన లేదు. సైలెంట్‌లో పెట్టి నిద్రపోండి. షెడ్యూలింగ్ వాళ్లకి మీ లెక్క మీరే చెప్పాలి. వాళ్ల తెర మీద కనిపించని ఆలస్యాలు మీకే తెలుస్తాయి.

రోజు పని బయల్దేరే సమయానికి గంట, గంటన్నర ముందు ఎఫ్‌బీవోలో, అంటే ప్రైవేట్ విమానాలకి సేవలందించే టెర్మినల్‌లో, మొదలవుతుంది. ఒకరు కాక్‌పిట్, ఇంకొకరు బయటి తనిఖీ, క్యాబిన్. ఐస్, కాఫీ, వేడినీళ్లు, పేపర్లు, కేటరింగ్ అందాయా? లావటరీ సర్వీస్ అయిందా? కేటరింగ్ పెట్టె తెరిచి ఆర్డర్‌తో సరిచూడండి. ఒకే ఉదయం నాలుగు విమానాలకి పెట్టెలు వచ్చే చోట అవి తారుమారవుతాయి. దిగే చోట కారు వచ్చిందో లేదో ఎగరకముందే ఫోన్ చేసి కనుక్కోండి. సామాను మీరే ఎక్కించాలి, అందుకే ఎంతమంది, ఎన్ని పెట్టెలు, స్కీ బ్యాగులున్నాయా అని ముందే అడగాలి. చిన్న జెట్‌లో నాలుగు గోల్ఫ్ బ్యాగులు అదనంగా వస్తే బరువు, సీజీ (గురుత్వ కేంద్రం) లెక్క మళ్లీ వేయాల్సిందే.

ఇంధనం ఆర్డర్ చేసేటప్పుడు తొందర వద్దు. ఎక్కువ పోయించడం జాగ్రత్తలా కనిపిస్తుంది కానీ, పొట్టి రన్‌వేకి వెళ్లేటప్పుడు ల్యాండింగ్ బరువు మించిపోతుంది. పోసినది తీయించాలంటే గంటలు పడుతుంది. ప్రయాణికుల సంఖ్య ఖాయమయ్యాకే చివరి అంకె చెప్పండి.

రన్‌వే లెక్క ఈ ఉద్యోగానికి గుండెకాయ, ఎందుకంటే ఓనర్లు వెళ్లాలనుకునేవి చిన్న ఎయిర్‌పోర్టులే. పెద్ద ట్రాన్స్‌పోర్ట్ కేటగిరీ జెట్ రన్‌వేలో 60 శాతం లోపల ఆగగలగాలి. కంపెనీకి ప్రత్యేక అనుమతి ఉంటేనే 80 శాతం. ఉదాహరణకి ఆగడానికి 2,800 అడుగులు కావాలనుకుందాం. 60 శాతం నియమంతో రన్‌వే కనీసం 4,667 అడుగులుండాలి. తడిగా ఉంటుందని అంచనా ఉంటే మరో 15 శాతం కలిపి 5,367. అంటే 5,000 అడుగుల రన్‌వే ఎండలో సరిపోతుంది, వానలో సరిపోదు. ఇది పొద్దున్నే చూసి ఓనర్‌కి చెబితే పక్క ఎయిర్‌పోర్టుకి కారు పంపించుకుంటాడు. గాల్లో ఉండగా చెబితే గొడవ. చెప్పేటప్పుడు కారణం ఒక్క వాక్యంలో, ప్రత్యామ్నాయం రెండో వాక్యంలో చెప్పండి.

ఆస్పెన్‌ దీనికి మంచి పరీక్ష. కొలరాడోలోని ఈ ఎయిర్‌పోర్టు సముద్రమట్టానికి సుమారు 7,800 అడుగుల ఎత్తు, చుట్టూ కొండలు, 8,006 అడుగుల రన్‌వే. దాదాపు అందరూ 15వ రన్‌వే మీద దిగి, అదే రన్‌వే ఎదురు దిశైన 33 మీద ఎగురుతారు కాబట్టి రెండిట్లో ఒకదానికి వెనకగాలి తప్పదు. గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేవడం) దారి, ఒక ఇంజన్‌తో ఎక్కగల బరువు ముందే లెక్కవేసి పెట్టుకోవాలి. రాత్రి 11 దాటితే కర్ఫ్యూ, డిన్నర్ ఆలస్యమైందంటే ఆ రాత్రికి అక్కడే.

న్యూయార్క్ పక్కనున్న టెటర్‌బరోలో 24వ రన్‌వే నుంచి రూడీ డిపార్చర్ (ఎగిరి వెళ్లే ఒక నిర్ణీత దారి) ఇస్తే మొదట 1,500 అడుగుల దగ్గర ఆగాలి, వెంట్జ్ అనే బిందువు దాటాకే 2,000కి ఎక్కాలి. పైన న్యూవార్క్‌కి దిగే విమానాలుంటాయి. తేలికగా ఉన్న జెట్ 1,500ని ఇట్టే దాటేస్తుంది. ఆ అంకె ఎత్తు సెలెక్టర్‌లో పెట్టి, థ్రస్ట్ ఎక్కడ తగ్గించాలో బ్రీఫింగ్‌లో పైకే చెప్పుకోండి. ఆ రోజు చార్టు తెరిచి చూడకుండా జ్ఞాపకంతో ఎగరవద్దు.

ప్రయాణికుల్లేని ఫెర్రీ లెగ్స్ ఇక్కడ చాలా ఉంటాయి. మేం అన్నిటికన్నా గట్టిగా చెప్పేది వీటి గురించే. 2017 మే 15న ఫిలడెల్ఫియా నుంచి టెటర్‌బరోకి ఖాళీగా వచ్చిన లియర్‌జెట్ 35ఎ కూలి ఇద్దరు పైలట్లూ చనిపోయారు. అది ఫ్రాక్షనల్ విమానం కాదు, అయినా పాఠం మనదే. టార్బీ అనే బిందువు దగ్గర మొదలవ్వాల్సిన సర్కిలింగ్ (చుట్టు తిరిగి వేరే రన్‌వే మీద దిగడం) రన్‌వేకి మైలు కూడా లేనప్పుడు మొదలైంది. నడపడానికి కంపెనీ అనుమతి లేని కోపైలట్ చేతిలో కంట్రోల్స్ ఉన్నాయి. ఖాళీ లెగ్‌లో కూడా పూర్తి బ్రీఫింగ్, పూర్తి చెక్‌లిస్ట్, ముందే పెట్టుకున్న స్టెబిలైజ్డ్ అప్రోచ్ గేట్ (దిగేముందు వేగం, ఎత్తు, దిశ అన్నీ కుదిరి ఉండాల్సిన చోటు) ఉండాలి. గేట్ దగ్గర కుదరకపోతే గో అరౌండ్, చర్చ లేదు.

సబ్‌పార్ట్ కె కింద ఫ్లైట్ ఆపరేషనల్ కంట్రోల్ (ఆ ప్రయాణాన్ని నడిపించే చట్టపరమైన బాధ్యత) ఓనర్‌దే, ఆ బాధ్యత ఒప్పుకుంటూ ఆయన సంతకం చేసి ఉంటాడు. అయినా గాల్లో చివరి నిర్ణయం కెప్టెన్‌దే. అదే జెట్ రేపు పార్ట్ 135 నిబంధనల కింద చార్టర్‌కి (అద్దె ప్రయాణానికి) వెళ్తే ఆపరేషనల్ కంట్రోల్ కంపెనీ చేతికొస్తుంది, గమ్యం వాతావరణ నివేదిక లాంటి నియమాలు మారతాయి. అందుకే ట్రిప్ షీట్‌లో ముందు ఏ పార్ట్ అని చూడండి.

ఆఖరి రోజు విమానం ఇంకొకరికి అప్పగిస్తారు. గడ్డకట్టే చలిలో వదిలేస్తుంటే తాగునీటి ట్యాంకు, కాఫీ పాట్ ఖాళీ చేయండి, కూల్‌డ్రింక్ డబ్బాలు బయటికి తీయండి. లేకపోతే పొద్దున్నకి పగిలి గ్యాలీ నిండా జిగటే. ఇంజన్ కవర్లు, పిటాట్ (వేగం కొలిచే గొట్టం) కవర్లు వేయండి. చిన్న లోపమైనా ఏ పరిస్థితిలో, ఏ అంకెల దగ్గర వచ్చిందో లాగ్‌లో రాయండి. "అప్పుడప్పుడు వస్తుంది" అని రాస్తే మెకానిక్‌కి ఏమీ దొరకదు.