ఆదివారం రాని కడుపునొప్పి: ఒకటి, రెండు తరగతుల పిల్లల తల్లిదండ్రులకు

మన రెండు రాష్ట్రాల్లో బడులు సాధారణంగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. జూలై వచ్చేసరికి చిన్న తరగతుల పిల్లలున్న ఇళ్లలో ఒకే రకం మాటలు వినిపిస్తాయి: బద్ధకం, మొండితనం, ధ్యాసంతా ఆటల మీదే. ఇవి కారణాలు కావు, తిట్లు. పేచీ ఏ పూట, ఏ పని దగ్గర మొదలవుతోందో రెండు రోజులు గమనించండి. అసలు సంగతి చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

బడి వేళకు కడుపునొప్పి, సెలవు రోజు మాయం

ముందు నొప్పి నిజమేనని నమ్మండి. భయం వేసినప్పుడు కడుపు నిజంగానే నొప్పి పెడుతుంది. ఆదివారం రాదు కాబట్టి నటిస్తున్నాడని తీర్పు చెప్పకండి. ఆదివారం రాకపోవడమే మీకు దొరికిన ఆచూకీ. కారణం తరచూ పెద్దలకు తట్టనంత చిన్నది. టిఫిన్ డబ్బా మూత రాదు. నిక్కరు గుండీ పెట్టుకోవడం రాదు. మరుగుదొడ్డికి వెళ్లాలని ఎలా అడగాలో తెలియదు, అందుకని మధ్యాహ్నం దాకా నీళ్లే తాగడు.

ఒక ఆదివారం యూనిఫాం వేసి ఇంట్లోనే బడి ఆట ఆడండి. మూత తీయించండి, గుండీ పెట్టించండి, మరుగుదొడ్డికి వెళ్తానని అడిగే మాటను బడిలో ఏ భాషలో అడగాలో ఆ భాషలోనే పదిసార్లు పలికించండి. బిగుసుకుపోయిన డబ్బాను మార్చేయండి. పట్టుదల నేర్పడానికి ఇడ్లీ డబ్బాను మించిన సాధనాలు చాలా ఉన్నాయి. గేటు దగ్గర వీడ్కోలు పొడిగించకండి. గడియారం చూడటం రాని బిడ్డకు మూడున్నరకు వస్తానంటే ఏమీ అర్థం కాదు, ఆఖరి బెల్లు కొట్టగానే వస్తానంటే అర్థమవుతుంది. ఎవరో ఒక మనిషి పేరు చెప్పగానే బెదురుతుంటే ఆటలతో సరిపెట్టకుండా నేరుగా బడికి వెళ్లి మాట్లాడండి. నొప్పి సెలవుల్లోనూ వస్తున్నా, నిద్రలోంచి లేపుతున్నా డాక్టరుకు చూపించాలి.

అక్షరాలన్నీ గడగడా చెబుతుంది, విడిగా చూపిస్తే బిక్కమొహం

'ఈ' మీద వేలు పెట్టి అడగండి. పాప 'అ' నుంచి గొణుక్కుంటూ 'ఈ' దాకా వస్తే, ఆమెకు వచ్చింది వరస మాత్రమే, అక్షరం కాదు. పాటలో ముందు మాట లేకపోతే వెనక మాట రాదు కదా, ఇదీ అంతే. పాఠం నోటితో అప్పజెబుతుంటే వేలు మరో వరుసలో తిరుగుతోందంటే అదీ ఈ జబ్బే. అన్నట్టు, మనం మొదటి పాఠంగా చెప్పే 'అమ్మ'లోనే మ ఒత్తు దాక్కుని ఉంది. పిల్లలు దాన్ని చదవరు, పక్కనున్న బొమ్మను చదువుతారు.

అందుకని వరస చెదరగొట్టాలి. పాత క్యాలెండరు వెనక వైపు ప, ల, క, త, వ, డ అనే ఆరక్షరాలు రాసి ముక్కలుగా కత్తిరించండి. వాటితో తల, వల, కల, వడ, పలక, పడవ కట్టించండి. పలక లాంటి మాటలకు ఒకే అక్షరం రెండుసార్లు అవసరం లేదు కాబట్టి ఆరు ముక్కలే చాలు. పాప తనంతట తాను కట్టిన మాటను బట్టీ పట్టే అవసరం ఉండదు. ఇవి స్థిరపడ్డాకే గుణింతం, ఆ తర్వాతే ఒత్తులు. ప-వ, మ-య లాంటి పోలిక ఉన్న జంటలను ఒకే రోజు నేర్పితే రెండూ కలిసిపోతాయి. ఒకటి కుదిరాక కొన్నాళ్లు ఆగి రెండోది చూపించండి. పై ఆరు ముక్కల్లోనూ ప కుదిరాకే వ కలపండి.

పొరుగింటి పిల్లతో పోల్చి కంగారు పడకండి. 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం కూడా చదవడం, లెక్కల పునాదికి మూడో తరగతి ముగిసే దాకా గడువిచ్చింది.

పదమూడు రాయమంటే 31 రాస్తాడు

ఇది లెక్కలు రాకపోవడం కాదు, ఇంగ్లీషు పెట్టే తిరకాసు కావచ్చు. థర్టీన్, ఫోర్టీన్ అన్నప్పుడు ఒకట్లు ముందు వినిపిస్తాయి, పది చివర వస్తుంది. చెవి విన్న వరసలోనే చెయ్యి రాసేస్తుంది. తెలుగులో పదమూడు, పద్నాలుగు అంటే పది ముందు, మూడో నాలుగో తర్వాత, అచ్చంగా రాసే వరసే. పది చీపురు పుల్లలకు రబ్బరు బ్యాండు వేసి కట్ట కట్టండి, పక్కన మూడు విడి పుల్లలు పెట్టండి. పదమూడు అని తెలుగులో పలికిస్తూ కట్ట కింద 1, పుల్లల కింద 3 రాయించండి. ఇంగ్లీషు పేరు ఆ తర్వాత చెప్పండి. ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు మీడియం చదువు పాడవుతుందనే భయం ఈ ఒక్క చోటయినా వదిలేయండి.

రెండు వరుసలు రాయగానే చెయ్యి నొప్పి

వేళ్లలో బలం ఇంకా చాలలేదు. కాపీ రాతలు పెంచితే నొప్పే పెరుగుతుంది. చిక్కుడుకాయల ఈనెలు తీయించండి, బఠానీలు ఒలిపించండి, చపాతీ పిండి చేతికివ్వండి, ముగ్గు చుక్కలు పెట్టనివ్వండి. పలక, బలపం ఇంకా పనికొస్తాయి. రాసేటప్పుడు కాళ్లు గాల్లో వేలాడకుండా కింద పీట వేయండి.

హోంవర్కు అనగానే ఏడుపు

బడి నుంచి వచ్చిన వెంటనే కూర్చోబెడుతున్నారా? ముందు తిండి, తర్వాత ఆట, ఆ తర్వాత ఒక పావుగంట. 2020 నాటి కేంద్ర స్కూల్ బ్యాగ్ విధానం రెండో తరగతి దాకా హోంవర్కు వద్దంది. పేజీలకు పేజీలు వస్తుంటే ఆ మాట టీచరుగారితో మర్యాదగా కదపండి. ఆరేళ్లు దాటిన పిల్లలకు రాత్రి కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలి. పదకొండు దాకా టీవీ ముందుంటే పొద్దున ఏ చిట్కా పనిచేయదు.

బడిలో ఏం జరిగిందంటే "ఏమీ లేదు"

ప్రశ్న మరీ పెద్దది. పక్కన ఎవరు కూర్చున్నారు, అన్నంలోకి కూర ఏమిటి అని అడగండి.

ఇంటి చిట్కాలకు లొంగనివి

పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నా, బోర్డు చూడటానికి కళ్లు చిట్లించినా, వెనక నుంచి మెల్లగా పిలిస్తే పలకకపోయినా బుజ్జగింపులు, బెదిరింపులు ఆపి కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లలను రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆరోగ్య బృందాలు వచ్చి పరీక్షిస్తాయి. బృందం ఎప్పుడొస్తుందో ప్రధానోపాధ్యాయులను అడగండి. ఆలస్యమయ్యేలా ఉంటే దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మీరే తీసుకెళ్లండి, వెళ్లేటప్పుడు నోటు పుస్తకం కూడా పట్టుకెళ్లండి. బోర్డు చూసి రాసిన పేజీ తప్పులతో నిండి, పుస్తకం చూసి రాసిన పేజీ బాగుంటే డాక్టరుకు అది చూపించండి.