ఎస్‌సీఎన్1ఏ జీన్ రిపోర్టు చదవడం ఎలా?

ఏడాది నిండని బిడ్డకు జ్వరంతో ఫిట్స్ మొదలై, ఎంతకీ ఆగకుండా, ఒకసారి కుడివైపు ఇంకోసారి ఎడమవైపు కొట్టుకుంటూ మళ్లీ మళ్లీ వస్తుంటే, న్యూరాలజిస్టు జన్యు పరీక్ష రాస్తారు. అనుమానం ఎక్కువగా డ్రావే సిండ్రోమ్ అనే ఫిట్స్ జబ్బు మీదే. ఫ్రాన్స్ డాక్టర్ షార్లెట్ డ్రావే 1978లో ఈ జబ్బును వర్ణించారు, కారణమైన జీన్ ఎస్‌సీఎన్1ఏ అని బయటపడింది మాత్రం 2001లో. రిపోర్టు చేతికొచ్చాక డాక్టర్ని కలిసేలోపు ఇలా చూసుకోండి.

1. జీన్ పేరు జాగ్రత్తగా చదవండి
ఎస్‌సీఎన్1ఏ రెండో క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఇది తయారుచేయించే ప్రొటీన్ పేరు నావ్1.1. నాడీకణం పొరలో ఉండే సోడియం ఛానెల్ ఇది. సోడియం అయాన్లు దీనిగుండా లోపలికి దూకితేనే విద్యుత్ సంకేతం ముందుకు కదులుతుంది. నావ్1.1 ముఖ్యంగా పనిచేసేది మిగతా కణాలను అదుపులో పెట్టే కణాల్లో. అందుకే ఇది తగ్గితే మెదడుకు బ్రేకు పట్టు తప్పినట్టవుతుంది, ఫిట్స్ వస్తాయి. అదే క్రోమోజోమ్ మీద, దగ్గర్లోనే, ఎస్‌సీఎన్2ఏ కూడా ఉంది. అది వేరే జీన్, దాని మందుల లెక్క వేరు.

2. మార్పు రాసిన వరుస చూడండి
ఉదాహరణకు ‘సి.664సి>టి’, పక్కన ‘పి.ఆర్జ్222టెర్’ అని ఉందనుకోండి. ముందున్న ‘సి.’ జీన్‌లోని మార్పుకు, ‘పి.’ ప్రొటీన్‌లోని మార్పుకు గుర్తు. జీన్‌లో 664వ అక్షరం ‘సి’ బదులు ‘టి’ అయింది. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు, మూడేసి అక్షరాలకు ఒక అమైనో ఆమ్లం కాబట్టి అది 222వ దాని మొదటి అక్షరం. అక్కడ ఆర్జినిన్ రావాల్సింది పోయి ‘ఆపు’ అనే ఆదేశం పడింది. 2009 అమైనో ఆమ్లాల ప్రొటీన్ 222వ దగ్గరే తెగిపోయింది. ‘టెర్’ బదులు ఇంకో అమైనో ఆమ్లం పేరుంటే ప్రొటీన్ పూర్తిగానే తయారవుతుంది, ఒక్కచోట తేడాతో. దాని ఫలితాన్ని అంచనా వేయడం కష్టం.

3. ‘హెటిరోజైగస్’ అని ఉంటే
తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే ఈ జీన్ రెండు ప్రతుల్లో ఒకటే మారిందని అర్థం. ఈ జబ్బు రావడానికి అదొక్కటి చాలు. మన ఇళ్లలో వెంటనే వినిపించే మాట ‘మేనరికం చేసుకున్నారు కదా’ అని. రెండు ప్రతులూ పాడైతేనే వచ్చే జబ్బులకు ఆ మాట వర్తిస్తుంది గానీ, దీనికి కాదు. డ్రావే పిల్లల్లో దాదాపు పదికి తొమ్మిది మందిలో ఈ మార్పు అమ్మానాన్నల రక్తంలో కనబడదు, బిడ్డలో కొత్తగా వచ్చిందే. కోడలి వైపా, అల్లుడి వైపా అన్న పంచాయితీ దండగ. అయినా తల్లిదండ్రులిద్దరూ పరీక్ష చేయించుకోవాలి. ఇద్దరిలో లేదని తేలితే నిర్ధారణ బలపడుతుంది. మరో బిడ్డను కనాలనుకుంటే జెనెటిక్ కౌన్సెలర్‌ని కలవండి, ఎందుకంటే కొద్దిపాటి ముప్పు మిగిలే ఉంటుంది.

4. మార్పును ఏ వర్గంలో వేశారో చూడండి
‘పాథోజెనిక్’ అంటే జబ్బు కలిగించేదే. ‘లైక్లీ పాథోజెనిక్’ అంటే చాలావరకు అదే. ‘వీయూఎస్’ అని ఉంటే ఇప్పటికి తేలలేదని. దాన్ని పట్టుకుని జబ్బుందనీ అనుకోవద్దు, లేదనీ అనుకోవద్దు. ఏడాదో రెండేళ్లో పోయాక మళ్లీ విశ్లేషించమని ల్యాబ్‌ని అడగొచ్చు.

5. మందుల చీటీ పక్కన పెట్టుకోండి
అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. కార్బమజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్ సోడియం ఛానెళ్లను అడ్డుకునే మందులు. డ్రావే పిల్లల్లో ఇవి ఫిట్స్‌ని పెంచవచ్చు. వీటిలో ఏదైనా వాడుతుంటే ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి. సొంతంగా మాత్రం ఆపొద్దు, హఠాత్తుగా ఆపినా ప్రమాదమే. సాధారణంగా వాల్‌ప్రోయేట్, క్లోబజామ్‌లతో మొదలుపెడతారు. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే ఏ మందు ఎంత ఇవ్వాలో కాగితం మీద రాయించుకోండి.

6. ఏమీ దొరకలేదని వస్తే
జీన్‌లో పెద్ద ముక్క ఎగిరిపోయిందేమో కూడా చూశారా అని అడగండి. మామూలు సీక్వెన్సింగ్‌లో అది తప్పించుకోవచ్చు, ఎంఎల్‌పీఏ అనే పరీక్షలో పట్టుబడుతుంది. అందులోనూ కనబడకపోయినా, లక్షణాలను బట్టి డాక్టర్ డ్రావే అని నిర్ధారించవచ్చు.