యూకేలో రీసెర్చ్‌కు వెళ్తున్నారా? వీసాకు ముందు ఏటాస్ క్లియరెన్స్ ఎలా తెచ్చుకోవాలి?

జూన్ నెలలో ఒక రాత్రి కాజీపేట నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేసిండు. "మామా, ఆఫర్ లెటర్‌ల ఏటాస్ అని ఏదో తెమ్మంటున్నరు. అది లేకుంటే వీసా రాదంట. గిదేందో సమజైతలేదు" అన్నడు. మెటీరియల్స్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీకి ఇంగ్లండ్‌లో సీటు వచ్చింది వాడికి. లెటర్ తెరిచి చూస్తే ఆ మాట రెండో పేజీ చివర స్పష్టంగానే ఉంది. లెటర్ వచ్చింది మాత్రం ఏప్రిల్‌లో. ఫీజు, స్కాలర్‌షిప్ ఉన్న మొదటి పేజీనే ఇంటిల్లిపాదీ పది సార్లు చదివారు. రెండు నెలలు అట్లా పోయినయి.

నేను హనుమకొండలో ఇంజినీరింగ్ పిల్లలకు పాఠాలు చెబుతాను. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల నుంచి ఏటా ఇదే ప్రశ్నతో పిల్లలు వస్తుంటారు. అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఏటాస్ ఎందుకు పెట్టారు?

ఏటాస్ అంటే అకడమిక్ టెక్నాలజీ అప్రూవల్ స్కీమ్. బ్రిటన్ విదేశాంగ శాఖ 2007 నుంచి దీన్ని నడుపుతోంది. అణ్వస్త్రాలు, రసాయన, జీవాయుధాలు, వాటిని మోసుకెళ్లే క్షిపణుల తయారీకి పనికొచ్చే పరిజ్ఞానం చదువు పేరుతో చేతులు మారకూడదన్నది దీని ఉద్దేశం. తర్వాత ఆధునిక సైనిక సాంకేతికతను కూడా ఇందులో చేర్చారు.

ఈ భయానికి చరిత్ర ఉంది. 1970లలో పాకిస్తాన్ శాస్త్రవేత్త ఏ.క్యూ. ఖాన్ నెదర్లాండ్స్‌లో యురేనియం సెంట్రిఫ్యూజ్‌ల (యురేనియంను శుద్ధి చేసేందుకు అతివేగంగా తిరిగే యంత్రాల) పనితో సంబంధమున్న సంస్థలో ఉద్యోగం చేశాడు. అక్కడ నేర్చుకున్న దానితోనే పాకిస్తాన్‌లో అణు కార్యక్రమం నడిపాడు. ఇరాన్ విషయంలో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2006 డిసెంబరులో 1737వ తీర్మానం చేసింది. అణు కార్యక్రమానికి ఉపయోగపడే ప్రత్యేక విద్యను ఆ దేశస్థులకు నేర్పే విషయంలో అప్రమత్తంగా ఉండాలని దేశాలన్నిటికీ చెప్పింది. ఉత్తర కొరియాపై 2016లో వచ్చిన 2270వ తీర్మానం ఇంకా సూటిగా ఉంటుంది. అడ్వాన్స్‌డ్ ఫిజిక్స్, కంప్యూటర్ సిమ్యులేషన్, న్యూక్లియర్, ఏరోస్పేస్ ఇంజినీరింగ్ అని సబ్జెక్టుల పేర్లే అందులో ఉన్నాయి.

మన దేశం మీద అలాంటి ఆంక్షలు లేవు. అయినా ఏటాస్ మనకు తప్పదు. యూరోపియన్ యూనియన్, ఈఈఏ (యూరోపియన్ ఎకనామిక్ ఏరియా) దేశాలు, స్విట్జర్లాండ్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జపాన్, దక్షిణ కొరియా, సింగపూర్ పౌరులకే మినహాయింపు ఇచ్చారు. ఆ జాబితాలో భారత్ లేదు. "మా అబ్బాయిని అనుమానిస్తున్నారా సార్?" అని ఒక తండ్రి బాధగా అడిగాడు. అట్లా అనుకోవద్దు. జాబితాలో లేని దేశం పాస్‌పోర్టుతో ఆ సబ్జెక్టు చదవబోయే ప్రతి ఒక్కరినీ అడుగుతారు.

మొదటి పని: మీకు అవసరమో కాదో తేల్చుకోండి

మామూలు బ్యాచిలర్స్ డిగ్రీకి ఏటాస్ అక్కర్లేదు. మాస్టర్స్‌తో కలిపి ఇచ్చే ఇంటిగ్రేటెడ్ డిగ్రీలకు, ఎంఎస్సీకి, పీహెచ్‌డీకి సబ్జెక్టును బట్టి కావాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మెకానికల్, కెమికల్, ఏరోస్పేస్, మెటీరియల్స్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్, కొన్ని బయాలజీ శాఖలు ఈ పరిధిలోకి వస్తాయి. 2021 మే నుంచి ఉద్యోగం మీద వెళ్లే రీసెర్చర్లకు, కొన్నాళ్ల పరిశోధనకు విజిటర్లుగా వెళ్లే అధ్యాపకులకు కూడా ఇది వర్తిస్తోంది. మన ఎన్‌ఐటీలోనో కాకతీయ యూనివర్సిటీలోనో పనిచేస్తూ వెళ్లేవారు తమ సంస్థ నుంచి ఎన్‌ఓసీ కూడా తీసుకోవాలి. అది వేరే పని, దాని గడువు వేరు.

మీ సబ్జెక్టుకు సీఏహెచ్ అనే కోడ్ ఒకటి ఉంటుంది. దాన్ని ఊహించి రాయకండి. యూనివర్సిటీ ఆఫర్ లెటర్‌లోనో మెయిల్‌లోనో ఇస్తుంది. ఇవ్వకపోతే అడ్మిషన్ ఆఫీసుకు రాసి తెప్పించుకోండి.

తర్వాత: పేరు, ఊరు సరిచూసుకోండి

మన దగ్గర ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంటుంది. డిగ్రీ పట్టాలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనుక ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు గివెన్ నేమ్‌లోనే పడి ఉంటుంది. ఏటాస్ ఫారంలో పాస్‌పోర్టులో ఎట్లా ఉందో అట్లాగే రాయండి, ఒక్క అక్షరం కూడా మార్చొద్దు. యూనివర్సిటీ రికార్డులో వేరేగా ఉంటే ముందే చెప్పి సరిచేయించుకోండి. ఆఫర్, ఏటాస్, క్యాస్ (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ ధ్రువీకరణ), వీసా ఫారం నాలుగింటిలోనూ ఒకటే పేరు ఉండాలి.

ఊరి పేరు సంగతి కూడా ఇంతే. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. పాస్‌పోర్టులో వరంగల్, ఆధార్‌లో హనుమకొండ ఉన్నవాళ్లు ఎందరో. పుట్టిన ఊరు పాస్‌పోర్టు ప్రకారం రాయండి. ఇప్పటి చిరునామా ఇప్పుడున్న జిల్లా పేరుతో రాయండి. అదేమీ తప్పు కాదు.

అసలైన పని: రీసెర్చ్ స్టేట్‌మెంట్

ఫారంలో మిగతావన్నీ వివరాలు నింపడమే. చదివిన చదువులు, చేసిన ఉద్యోగాలు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఇద్దరు రెఫరీల (మీ గురించి చెప్పగలిగినవాళ్ల) వివరాలు. రెఫరీలకు ముందే చెప్పి, వాళ్లు రోజూ చూసే ఈమెయిల్ ఇవ్వండి. ఎక్కువ సమయం పెట్టాల్సింది మాత్రం రీసెర్చ్ స్టేట్‌మెంట్ మీద. పీహెచ్‌డీ వాళ్లు దీన్ని సూపర్‌వైజర్‌తో కలిసి రాసుకోవాలి. ఎంఎస్సీ వాళ్లు యూనివర్సిటీ ఇచ్చిన మాడ్యూళ్ల జాబితా, ఆప్షనల్ వాటితో సహా, పెట్టాలి.

మా వాడు మొదట రాసింది ఇది: "అధిక ఉష్ణోగ్రతలను తట్టుకునే అధునాతన పదార్థాలపై పరిశోధన చేస్తాను." చదివి గుండె ఝల్లుమంది నాకు. అధిక ఉష్ణోగ్రత తట్టుకునే పదార్థం కరెంటు ప్లాంటులోనూ కావాలి, క్షిపణి ముక్కుకూ కావాలి. ఆ వాక్యం చదివే అధికారికి వాడు ఏ వైపు వెళ్తున్నాడో ఎట్లా తెలుస్తుంది? వాడి సొంతూరు గోదావరిఖని. రామగుండం ఎన్టీపీసీ పొగగొట్టాలు చూస్తూ పెరిగినవాడు. బాయిలర్ గొట్టాలు తుప్పుపట్టి పగిలితే యూనిట్ ఆగిపోతుందని తండ్రి నోట విని ఈ సబ్జెక్టు ఎంచుకున్నాడు. ఆ సంగతి ఒక్క ముక్క కూడా లేదు అందులో.

కూర్చోబెట్టి మళ్లీ రాయించాను. ఏ మిశ్రలోహం మీద పని, ఎన్ని డిగ్రీల వేడిలో పరీక్ష, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో ఏం చూస్తాడు, ఏ సాఫ్ట్‌వేర్ వాడతాడు, నమూనాలు ఎవరిస్తారు, డబ్బు ఎవరిస్తున్నారు, చివరికి ఫలితం బొగ్గు ప్లాంటు బాయిలర్‌కు ఎట్లా ఉపయోగపడుతుంది, ఇవన్నీ వచ్చాయి. సూపర్‌వైజర్ రెండు చోట్ల దిద్ది పంపాడు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. దాచిపెట్టడం కోసం తీపిగా రాయొద్దు. కార్బన్ ఫైబర్ మీద పనిచేస్తున్నవారు అది గాలిమర రెక్కలకు అంటే అట్లాగే రాయండి. అదే ఫైబర్ సెంట్రిఫ్యూజ్ రోటర్లకూ పనికొస్తుందని చదివేవాళ్లకు మీకన్నా బాగా తెలుసు. రక్షణ సంస్థ డబ్బు ఇస్తుంటే అది కూడా చెప్పాల్సిందే. వెనుక చేసిన ఉద్యోగాల్లో ఖాళీ నెలలు ఉంటే "ఇంట్లో ఉండి గేట్‌కు చదివాను" అని ఉన్నదున్నట్టు రాయండి.

దరఖాస్తు పంపాక

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటులో. ఫీజు ఒక్క రూపాయి కూడా లేదు. ఈ మాట మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే మాకు తెలిసిన ఒక అమ్మాయి దగ్గర ఒక కన్సల్టెన్సీ "ఏటాస్ ఫీజు" అని పదివేలు తీసుకుంది. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. ఫారం నింపిపెట్టినందుకు ఎవరైనా డబ్బు అడిగితే అది వాళ్ల సర్వీస్ చార్జీ. ప్రభుత్వానికి కట్టేది ఏమీ లేదు.

మామూలుగా 30 పని దినాలు పడుతుందనుకోండి. శని, ఆదివారాలు, అక్కడి బ్యాంకు సెలవులు లెక్కలోకి రావు. అంటే ఆరు వారాల పైమాటే. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా రద్దీ ఎక్కువ, ఇంకా ఆలస్యం కావచ్చు. ఆ తర్వాత విద్యార్థి వీసాకు సాధారణంగా మూడు వారాలు. మధ్యలో టీబీ పరీక్షకు, వేలిముద్రలకు హైదరాబాద్ వెళ్లి రావాలి. వెనక్కి లెక్కేసుకుంటే సెప్టెంబరు చివర కోర్సుకు మే నెల దాటకుండా దరఖాస్తు పోవాలి. ఆఫర్ కండిషనల్ అయినా సరే, ఫైనల్ మెమో కోసం ఆగనక్కర్లేదు. అట్లా అని మరీ ముందుగా తెచ్చిపెట్టుకోవడం కూడా కుదరదు. వచ్చిన సర్టిఫికెట్‌ను ఆరు నెలల్లోపు వీసా దరఖాస్తుకు వాడాలి.

జవాబు ఈమెయిల్‌కు వస్తుంది. స్పామ్ కూడా చూస్తుండండి. రాగానే ఒక కాపీ యూనివర్సిటీకి పంపి, ఒకటి వీసా ఫైల్లో పెట్టుకోండి. ఏటాస్ అవసరమైన కోర్సుకు అది లేకుండా వీసాకు పెడితే తిరస్కరిస్తారు, కట్టిన డబ్బు పోతుంది.

అమెరికాకు వెళ్లేవారికి ఇట్లాంటి విడి సర్టిఫికెట్ లేదు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ అయ్యాక 221జీ చీటీ ఇచ్చి రెజ్యూమె, రీసెర్చ్ ప్లాన్, గైడ్ వివరాలు అడగొచ్చు. అప్పుడు పైన చెప్పిన స్టేట్‌మెంటే అక్షరాలా పనికొస్తుంది. ముందే రాసి దగ్గర పెట్టుకోండి.

మా వాడికి ఏడో వారంలో మెయిల్ వచ్చింది. ఫోన్‌లో వాళ్లమ్మ ఏడ్చినంత పని చేసింది. వాడు వెళ్లేటప్పుడు ఒక్క జాగ్రత్త చెప్పి పంపాను. అక్కడ చేరాక టాపిక్ మారినా, యూనివర్సిటీ మారినా, కోర్సు గడువు మూడు నెలలకు మించి పెరిగినా మళ్లీ కొత్త ఏటాస్ తీసుకోవాలి. రెండో ఏడాదిలో గైడ్ "ఈ పరీక్షను వేరే మిశ్రలోహం మీద కూడా చేసి చూద్దామా?" అని అడిగితే, ఒప్పుకునే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసుకు ఒక మెయిల్ రాసి అడగమన్నాను.