కరెంటు బిల్లు ఎక్కువొస్తే డిస్కంతో ఎలా మాట్లాడాలి?

ఎండాకాలం బిల్లు చేతికి రాగానే మన కోనసీమలో ఎవరింట్లోనైనా జరిగేది ఒకటే. ముందు రీడింగ్ తీసిన అబ్బాయిని నిలదీస్తారు. తర్వాత లైన్‌మన్‌కి ఫోన్ చేసి అరుస్తారు. అప్పటికీ పని జరక్కపోతే కోపంతో బిల్లు కట్టడం మానేస్తారు, లేదా తిట్టుకుంటూ మొత్తం కట్టేసి ఊరుకుంటారు. వీటిలో ఏ ఒక్కటీ పనిచేయదు. మా వీధిలో వాళ్లకీ చుట్టాలకీ ఏళ్ల తరబడి బిల్లుల వ్యవహారం నేనే చూసిపెడుతున్నాను. నా దగ్గరికి వచ్చేసరికే సగం పని చెడిపోయి ఉంటోంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. రేటు మీద బేరం ఉండదు. కొన్ని దేశాల్లో నాలుగైదు కంపెనీలు ఉంటాయి, ఒకటి నచ్చకపోతే ఇంకోదానికి మారతారు. మనకి ఊరికి ఒకటే డిస్కం, అంటే కరెంటు పంపిణీ చేసే సంస్థ. యూనిట్ ధర నిర్ణయించేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి, అంటే ఏపీఈఆర్‌సీ. కొత్త టారిఫ్ ఖరారు చేసేముందు అది ప్రజాభిప్రాయం సేకరిస్తుంది. రేటు గురించి చెప్పాల్సింది అక్కడ చెప్పాలి, సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గర కాదు. ఏఈ దగ్గర, బిల్లుల లెక్క చూసే ఈఆర్‌ఓ ఆఫీసులో మనం మాట్లాడగలిగేది లెక్క గురించి: ఎన్ని యూనిట్లు, ఎన్ని రోజులకి, ఏ కేటగిరీ కింద, పాత బాకీ ఏదైనా కలిపారా అన్నవి. బాగా మాట్లాడితే ఈ నాలుగింట్లోనే వందలూ వేలూ తగ్గుతాయి.

1. కావలసినవి

గత పన్నెండు నెలల బిల్లులు, ఒక నోట్‌బుక్, కెమెరా ఉన్న ఫోను, 1000 వాట్ల హీటర్ రాడ్డు, ప్లాస్టిక్ బకెట్. బిల్లులు పారేసుంటే సర్వీసు నంబరు కొట్టి ఆన్‌లైన్‌లో తీసుకోండి. ప్రతి నెలా ఒకటో తారీఖు ఉదయం ఏడింటికి మీటర్ ఫోటో తీయడం అలవాటు చేసుకోండి. సాయంత్రం కాదు, ఉదయమే. వేళ మారితే ఒక నెలకీ ఇంకో నెలకీ పోలిక కుదరదు.

2. బిల్లు చదవండి

ఇళ్లకి 2022-23 టారిఫ్‌లో వచ్చిన శ్లాబులు ఇవి: మొదటి 30 యూనిట్లకి 1.90 రూపాయలు, 75 వరకు 3.00, 125 వరకు 4.50, 225 వరకు 6.00, 400 వరకు 8.75, ఆపైన 9.75. మీ బిల్లు మీద ఉన్న రేట్లతో సరిచూసుకోండి.

ఇక్కడ చాలామంది పొరబడతారు. అంతకుముందు గ్రూపుల పద్ధతి ఉండేది. గీత దాటితే మొత్తం లెక్కే మారిపోయేది. ఆ భయం ఇంకా పోలేదు. ఇప్పుడు గీత దాటిన యూనిట్లకి మాత్రమే పై రేటు పడుతుంది. 225 యూనిట్లకి ఎనర్జీ చార్జీ 1,017 రూపాయలు. 230 కాలితే పెరిగేది 43 రూపాయల 75 పైసలు, అంతే. కాబట్టి "అయిదు యూనిట్లకే బిల్లు డబుల్ అయింది" అని ఆఫీసుకి వెళ్లొద్దు. మీ లెక్క తప్పని వాళ్లకి మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. ఆ తర్వాత మీరు చెప్పే నిజం కూడా ఎవరూ వినరు.

రీడింగ్‌ల మధ్య రోజులు మాత్రం తప్పకుండా లెక్కపెట్టండి. నలభై రోజుల వాడకం ఒకే బిల్లులో పడితే యూనిట్లు పై శ్లాబులోకి వెళ్తాయి. దాన్ని నెలవారీగా విడదీసి లెక్కగట్టమని అడగండి.

కనెక్షన్‌కి రాయించుకున్న లోడు తగ్గించుకుంటే బిల్లు తగ్గుతుందని కొందరు తిరుగుతుంటారు. ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్‌కి నెలకి పది రూపాయలు. అయిదు కిలోవాట్లని మూడు చేయించుకుంటే మిగిలేది ఇరవై. దానికోసం ఒక పూట పనిమానుకోవడం దండగ.

3. తప్పు మన ఇంట్లో ఉందేమో చూడండి

ఇంట్లో అన్ని స్విచ్చులూ ఆపండి. ఫ్రిజ్, ఇన్వర్టర్, వైఫై ప్లగ్గులు కూడా తీసేయండి. మెయిన్ మాత్రం ఆన్‌లో ఉంచి మీటర్ మీద మెరిసే ఎర్ర లైటు చూడండి. మెరుస్తూనే ఉంటే వైరింగ్‌లో ఎక్కడో కరెంటు కారిపోతోంది. మెయిన్ ఆపినా మెరుస్తుంటే మీటర్‌లోనే లోపం ఉండాలి, లేదా మీటర్‌కీ మెయిన్‌కీ మధ్య ఎవరో వైరు తగిలించి ఉండాలి.

మన డెల్టా నేలలో ఇది తరచుగా జరిగేదే. అడుగు తవ్వితే నీళ్లొస్తాయి. కొబ్బరి తోటలోంచి బోరు మోటారుకి వేసిన వైరు ఏడాది పొడుగునా తడి మట్టిలో నానుతుంది. అంతర్వేది వైపు అయితే ఉప్పుగాలి కూడా తోడై జాయింట్లన్నీ చిలుమెక్కిపోతాయి. పాలకొల్లులో మా అత్తయ్యగారింట్లో మూడు నెలలు వరసగా బిల్లు పెరిగింది. మీటర్ మార్చమని అర్జీ కూడా రాసేశాను. తీరా చూస్తే మోటారు వైరు తొడుగు అరటి బోదె పక్కన చిట్లిపోయి ఉంది. అర్జీ వెనక్కి తీసుకున్నాం. బిల్లు సంగతి అటుంచితే, ఆ తడిలో ఎవరైనా కాలు పెట్టి ఉంటే ప్రాణం పోయేది. అప్పటినుంచి ఈ పరీక్ష చేయకుండా ఎవరికీ అర్జీ రాసివ్వను.

4. రాడ్డు పరీక్ష

మీటర్ మీద ఒక యూనిట్‌కి ఎన్నిసార్లు లైటు మెరుస్తుందో రాసి ఉంటుంది. 3200 అని ఉందనుకుందాం. మిగతావన్నీ ఆపేసి, బకెట్ నీళ్లలో రాడ్డు పూర్తిగా మునిగేలా పెట్టి ఆన్ చేయండి. 1000 వాట్ల రాడ్డుకి నిమిషానికి 53 సార్లు దాకా మెరవాలి. ఫోన్‌లో వీడియో తీసి లెక్కపెట్టండి. స్విచ్ ఆపి ప్లగ్గు తీసేదాకా బకెట్‌నీ నీళ్లనీ ముట్టుకోవద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. సాయంత్రం వోల్టేజి పడిపోయినప్పుడు రాడ్డు తక్కువ లాగుతుంది కాబట్టి పొద్దున్నే చేయండి. 45 వచ్చినా 58 వచ్చినా కంగారు లేదు. 80, 100 వస్తే మీ అనుమానం నిజమే.

పవర్ సేవర్ అని ప్లగ్గులో పెట్టే పెట్టెలు అమ్ముతారు. కొనకండి. ఇంటి బిల్లు కిలోవాట్ అవర్లలో, అంటే యూనిట్లలో వేస్తారు, ఆ లెక్కని ఆ పెట్టె తగ్గించలేదు. మీటర్ దగ్గర అయస్కాంతం పెట్టమనేవాళ్లని గుమ్మం తొక్కనివ్వకండి. అది విద్యుత్ చట్టం సెక్షన్ 135 కింద దొంగతనం, మూడేళ్ల వరకు జైలు పడొచ్చు.

5. అర్జీ, డబ్బు: జాగ్రత్తంతా ఇక్కడే

ఎక్కువమంది పాడుచేసుకునేది ఈ మెట్టు దగ్గరే. బిల్లు తప్పని నమ్మకం కుదిరాక డబ్బు మానేయకూడదు, నోరు మూసుకుని మొత్తం కట్టకూడదు. మానేస్తే మీరు బాకీదారు. కనెక్షన్ తీసేస్తామని నోటీసు వస్తుంది, అక్కడినుంచి మాట తీరే మారిపోతుంది. మారు మాట్లాడకుండా కట్టేస్తే ఒప్పుకున్నట్టే చూస్తారు.

మధ్యేమార్గం చట్టంలోనే ఉంది. విద్యుత్ చట్టం 2003లో సెక్షన్ 56 ప్రకారం బాకీ ఉన్నా సరే, పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకుండా కరెంటు తీయకూడదు. ఇంకా ముఖ్యమైనది దాని కిందే ఉంది. మీరు అండర్ ప్రొటెస్ట్, అంటే అభ్యంతరం తెలుపుతూ, అడిగిన మొత్తమో లేక గత ఆరు నెలల సగటు చార్జీయో, రెండింట్లో ఏది తక్కువైతే అది జమ చేస్తే వివాదం తేలేదాకా కరెంటు తీయకూడదు. ఆరు నెలల బిల్లులు కలిపి 6,000 అయితే సగటు 1,000. ఈ నెల 4,200 వచ్చినా మీరు 1,000 జమ చేసి నిలబడొచ్చు. వివాదంలో మీది తప్పని తేలితే మిగతాది కట్టాల్సిందే. అందుకే మూడు, నాలుగు మెట్లు దాటకుండా ఇక్కడికి రావొద్దంటున్నాను.

ఆ సగటు మొత్తాన్ని ఆన్‌లైన్‌లో కట్టకండి. అక్కడ మీ అభ్యంతరం ఎక్కడా నమోదు కాదు. ముందు అర్జీ, తర్వాత డబ్బు. గడువు తేదీకి నాలుగు రోజుల ముందే, ఉదయం పదిన్నరకి వెళ్లండి. మధ్యాహ్నం వెళ్తే ఏఈ గారు లైన్ల మీదికి వెళ్లిపోతారు.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. చేత్తో రాయండి, నీలం ఇంకుతో. "మీ మీటర్ దొంగది", "రీడర్ ఇంట్లో కూర్చుని వేశాడు" లాంటి మాటలు ఒక్కటి కూడా ఉండకూడదు. "మీటర్ పాడైంది" అని కూడా నేను రాయను. అలా రాస్తే పరీక్షించి, బాగానే ఉందని ఒక కాగితం ఇచ్చి ఫైలు మూసేయొచ్చు. నేను ఎప్పుడూ రాసేది ఇలా:

"ఫలానా సర్వీసు నంబరుకి గత ఆరు నెలల సగటు ఇన్ని యూనిట్లు. ఈ నెల ఇన్ని చూపించారు. ఇంట్లో కొత్త సామాను ఏదీ చేరలేదు. వైరింగ్ పరీక్ష చేయించాము. వాడకానికీ రీడింగ్‌కీ పొంతన కుదరడం లేదు. కాబట్టి చెక్ మీటర్ పెట్టి పరిశీలించవలసిందిగా, అది తేలేవరకు సెక్షన్ 56 ప్రకారం ఆరు నెలల సగటును అండర్ ప్రొటెస్ట్ జమ చేసుకోవలసిందిగా కోరుతున్నాను."

చెక్ మీటర్ అడగడం మీ హక్కు. వినియోగదారుల హక్కుల నిబంధనలకి 2024లో చేసిన సవరణ ప్రకారం ఇలాంటి ఫిర్యాదు అందిన అయిదు రోజుల్లో అదనపు మీటర్ పెట్టాలి, కనీసం మూడు నెలలు దానితో సరిచూడాలి. ఈ మాట మెల్లగా, గౌరవంగా చెప్పండి. "సార్, కొత్త నిబంధన వచ్చిందటండి, ఒకసారి చూడండి" అంటే చాలు. గొంతు పెంచిన రోజున నా పని ఎప్పుడూ జరగలేదు.

రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదానిమీద తేదీ, సంతకం, స్టాంపు వేయించుకోండి. అవి లేకుండా వెనక్కి రావొద్దు. అర్జీ తీసుకోవడానికి ఒప్పుకోకపోతే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, అర్జీని స్పీడ్ పోస్టులో పంపండి. వాట్సాప్‌లో లైన్‌మన్‌కి పెట్టిన మెసేజ్ అర్జీ కాదు.

ఇంకొక జాగ్రత్త. మీకొచ్చింది మామూలు బిల్లు కాకుండా సెక్షన్ 126 (అనధికార వాడకం) లేదా 135 (దొంగతనం) నోటీసు అయితే ఈ దారి పనిచేయదు. ఇంటి ముందు గదిలో కిరాణా కొట్టు పెట్టి గృహ కేటగిరీలోనే నడుపుతున్నవాళ్లకి 126 నోటీసు రావచ్చు. కొట్టుకి వేరే మీటర్ పెట్టించుకున్నాకే ఇంటి బిల్లు గురించి మాట్లాడండి.

6. అక్కడ తేలకపోతే

సీజీఆర్‌ఎఫ్ అనే వినియోగదారుల ఫోరం ఉంది. లాయరు అక్కర్లేదు. స్టాంపు వేసిన మీ అర్జీ, బిల్లులు, ఫోటోలు జతచేయండి. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు.

పాత బాకీ అని హఠాత్తుగా బిల్లులో కలిపితే, అది మొదట ఎప్పుడు కట్టాల్సిందో రాసిమ్మనండి. రెండేళ్లు దాటి, మధ్యలో ఏ బిల్లులోనూ చూపించకపోతే సెక్షన్ 56 ప్రకారం వసూలు చేయడానికి వీల్లేదు. బాకీ నిజమే అయితే వాయిదాలు అడగండి. ఆక్వా చెరువుల మీదో వరి మీదో బతికే ఇళ్లలో డబ్బు నెలనెలా రాదు, పంట చేతికొచ్చినప్పుడే వస్తుంది. ఆ మాట అర్జీలో రాయడానికి సిగ్గుపడొద్దు. పనిలో పనిగా సెక్యూరిటీ డిపాజిట్ మీద వడ్డీ ఏడాదికోసారి బిల్లులో తగ్గిస్తున్నారో లేదో చూడండి. అది మీకు రావాల్సిన డబ్బు.

సోలార్ పెట్టించుకునే ఆలోచన ఉంటే ఇదంతా తేలాక చేయండి. పీఎం సూర్యఘర్‌లో మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, మంచిదే. కానీ వైరింగ్‌లో కరెంటు కారిపోతుంటే పైకప్పు మీద తయారైంది కూడా ఆ మట్టిలోకే పోతుంది.

బిల్లు సరిచేశామని చెప్పాక వచ్చే నెల బిల్లులో అడ్జస్ట్‌మెంట్ వరసలో ఆ మొత్తం పడిందో లేదో చూడండి. పడకపోతే అదే అర్జీ కాపీ పట్టుకుని ఈఆర్‌ఓ ఆఫీసుకే వెళ్లండి, కొత్త అర్జీ రాయకండి.