ఆన్‌లైన్‌లో సోషల్ వర్క్ డాక్టరేట్ ఎలా చేయాలి?

అమెరికాలో ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో మాస్టర్స్, చేసి ఆసుపత్రిలోనో, స్కూల్లోనో, మహిళల సహాయ సంస్థలోనో పనిచేస్తున్నవాళ్లకు నాలుగైదేళ్లు గడిచేసరికి ఒక ఆలోచన మొదలవుతుంది. ఉద్యోగం మానకుండా, ఊరు మారకుండా డాక్టరేట్ చేయొచ్చా అని. చేయొచ్చు. డాక్టర్ ఆఫ్ సోషల్ వర్క్, పొట్టిగా డీఎస్‌డబ్ల్యూ, ఇప్పుడు అక్కడి చాలా యూనివర్సిటీల్లో ఆన్‌లైన్‌లోనే నడుస్తోంది. సాయంత్రం క్లాసులు, మూడేళ్లకు అటూఇటూగా చదువు, చివర ఒక ప్రాజెక్టు.

కాకపోతే చాలామంది ముందు కాలేజీ వెతుకుతారు, ఆ తర్వాత ఫీజు చూస్తారు, ఏ సమస్య మీద పనిచేయాలన్నది చేరాక చూసుకుందాంలే అనుకుంటారు. నన్నడిగితే ఈ వరుస తిరగబడాలి. సమస్య చేతిలో ఉంటే కాలేజీ ఎంచుకోవడం తేలిక. అది లేకుండా చేరితే రెండో ఏడాదిలో బండి ఆగిపోతుంది.

మొదటి పని: ఈ డిగ్రీ ఎక్కడ వాడతారో తేల్చుకోండి

ఇండియాలో యూనివర్సిటీ ఉద్యోగం మీ గురి అయితే ఈ దారిలోకి రావద్దు. యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో గానీ, దూరవిద్యలో గానీ పీహెచ్‌డీ ఇవ్వడానికి వీల్లేదు. అంతకు కొద్ది రోజుల ముందే, ఎడ్‌టెక్ కంపెనీలు విదేశీ సంస్థలతో కలిసి ఇస్తామంటున్న ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, ఏఐసీటీఈ కలిసి ప్రకటన ఇచ్చాయి. అయినా ‘ఇంట్లో కూర్చుని డాక్టరేట్’ ప్రకటనలు ఫోన్లకు వస్తూనే ఉన్నాయి. విశాఖలోనో, హైదరాబాద్‌లోనో ఉండి పాఠాలు చెప్పాలనుకునేవారికి ఆంధ్ర విశ్వవిద్యాలయం సోషల్ వర్క్ విభాగం, టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) లాంటి చోట్ల మామూలు పీహెచ్‌డీయే సరైనది. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా చేసే వీలు కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. పనిచేసే చోటు నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి.

అమెరికా వెళ్లడానికి ఇదొక మార్గమని అనుకునేవారికీ ఓ మాట. పూర్తిగా ఆన్‌లైన్ కోర్సుకు ఎఫ్-1 వీసా రాదు. ఎఫ్-1 మీద ఉన్న విద్యార్థికి ఒక సెమిస్టర్‌లో ఒక్క ఆన్‌లైన్ క్లాసు మాత్రమే ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తుంది. అంచేత ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ కొంతకాలం పనిచేసే అనుమతి, ఆశ కూడా పెట్టుకోవద్దు. ఇప్పటికే హెచ్-4 డిపెండెంట్ వీసా మీదో, గ్రీన్‌కార్డు మీదో అక్కడ ఉన్నవారికి ఈ తలనొప్పి లేదు. హెచ్-4 మీద చదువుకోవచ్చు. జీతం తీసుకుని పనిచేయాలంటే మాత్రం ఈఏడీ అనే పని అనుమతి కార్డు కావాలి. పనిచేస్తున్నవాళ్ల కోసం కట్టిన కోర్సు కాబట్టి ఉద్యోగం ఉందా లేదా అన్న తేడా దరఖాస్తులోనే తెలిసిపోతుంది.

డీఎస్‌డబ్ల్యూనా, పీహెచ్‌డీనా?

పీహెచ్‌డీ పరిశోధకులను తయారుచేస్తుంది. కొత్త జ్ఞానం, గణాంకాలు, జర్నల్ వ్యాసాలు, పెద్ద యూనివర్సిటీలో టెన్యూర్ (శాశ్వత అధ్యాపక) ఉద్యోగం దాని లోకం. డీఎస్‌డబ్ల్యూ పని జరిగే చోట పనిని మార్చగలిగేవాళ్ల కోసం: ప్రోగ్రాం డైరెక్టర్లు, క్లినికల్ సూపర్‌వైజర్లు, ఏజెన్సీ నడిపేవాళ్లు. కొన్ని కాలేజీలు డీఎస్‌డబ్ల్యూ ఉన్నవారిని కూడా అధ్యాపకులుగా తీసుకుంటాయి. కానీ పరిశోధనకు పేరున్న పెద్ద యూనివర్సిటీలో టెన్యూర్ కావాలంటే పీహెచ్‌డీ వైపే చూడండి.

లైసెన్స్ సంగతి వేరు. సొంతంగా థెరపీ చేయడానికి కావాల్సిన ఎల్‌సీఎస్‌డబ్ల్యూ అనే క్లినికల్ లైసెన్స్‌కు అడిగేది ఎంఎస్‌డబ్ల్యూ, సీనియర్ పర్యవేక్షణలో పనిచేసిన గంటలు, ఏఎస్‌డబ్ల్యూబీ అనే లైసెన్స్ పరీక్ష. డాక్టరేట్ లేకపోయినా లైసెన్స్ వస్తుంది, డాక్టరేట్ ఉన్నంత మాత్రాన రాదు. క్లయింట్లను చూసే థెరపిస్టుగానే ఉండిపోవాలనుకుంటే, ఈ డబ్బు ఒక మంచి క్లినికల్ శిక్షణ మీద పెట్టడం మేలేమో ఆలోచించండి.

సమస్యను పట్టుకోవడం

దరఖాస్తులో మిమ్మల్ని అడిగేది, చివరి ప్రాజెక్టులో మీరు చేసేది ఒకటే: మీ పనిలో ఎదురయ్యే ఒక సమస్య, దానికి మీరు తేగల మార్పు. అందరూ ఇక్కడే ‘వలస కుటుంబాల్లో వృద్ధుల మానసిక ఆరోగ్యం’ లాంటి గంపెడు మాట రాస్తారు. అది చదివిన కమిటీకి ఏమీ తెలియదు.

న్యూజెర్సీలోనో, డాలస్‌లోనో ఒక ఆసుపత్రి అనుకోండి. పిల్లల దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చిన ఒక అమ్మగారు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయింది. అమెరికా ప్రభుత్వం వృద్ధులకిచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ ఆమెకు లేదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉందిగానీ, దేనికి ఎంత ఇస్తారో ముందే గీత గీసిన పాలసీ అది. రీహాబ్ సెంటర్‌కు ఫోన్ చేస్తే ఎవరు కడతారనేదే మొదటి ప్రశ్న. ఇంటికి పంపుదామని సోషల్ వర్కర్ మంచం దగ్గరికి వెళ్లి, ఇంట్లో చూసుకోవడానికి ఎవరైనా ఉన్నారా అని అడిగారు. కోడలు తెలుగులో అడిగింది: ‘ఇంట్లో ఎవరున్నారని అడుగుతున్నారు అత్తయ్యా.’ ‘అందరూ ఉన్నారుగా’ అన్నారు ఆమె. కోడలు ఇంగ్లీషులో అదే చెప్పింది. ఫైల్లో ‘కుటుంబ సహాయం ఉంది’ అని పడింది. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ ఇంట్లో ఎవరూ ఉండరు. కోడలి ముందు ఆమె ఆ మాట అనరు.

ఇక్కడ సమస్యలు నాలుగున్నాయి. ఇన్సూరెన్స్ ఒకటి. వీసా ఒకటి. ఒంటరితనం ఒకటి. ఇంటి మనుషులతో అనువాదం చేయించడం ఒకటి. మొదటి రెండూ మీ చేతిలో లేవు. మూడోది మీ వార్డు దాటి బయటికి పోతుంది. నాలుగోది మాత్రం మీరు మార్చగలిగేదే. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రి అర్హత ఉన్న దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలని చట్టం ఇప్పటికే చెబుతోంది. అయినా డిశ్చార్జ్ సంభాషణ బంధువు నోటి మీదుగా నడుస్తోంది. ఎందుకు? ఫోన్ లైన్ మీద తెలుగు దుబాసీ దొరకడానికి ఎంతసేపు పడుతోంది? ప్రశ్న ఎలా అడిగితే ‘అందరూ ఉన్నారుగా’ బదులు రోజు ఎలా గడుస్తుందో బయటికొస్తుంది? ‘ఇంట్లో ఎవరున్నారు’ అనడానికీ, ‘పొద్దున్న కాఫీ ఎవరు పెడతారు, మధ్యాహ్నం అన్నం ఎవరు వడ్డిస్తారు, బాత్రూంకి లేవాలంటే ఎవర్ని పిలుస్తారు’ అనడానికీ వచ్చే జవాబులు ఒకటి కావు.

ఇప్పుడిది ప్రాజెక్టు. పేషెంటు చేరిన మొదటి రోజే దుబాసీ, ఒక్కో పని పేరూ చెప్పి అడిగే ప్రశ్నల పట్టిక, ఆరు నెలల ముందూ తర్వాతా డిశ్చార్జ్ నోట్స్ పోల్చడం, తిరిగి ఆసుపత్రికి వచ్చినవాళ్ల లెక్క. మీ సమస్య ఇది కాకపోవచ్చు. గృహహింస హెల్ప్‌లైన్‌లో పనిచేస్తే వేరేది దొరుకుతుంది. న్యూజెర్సీలో 1985 నుంచి ఉన్న మానవి, న్యూయార్క్‌లోని సఖి లాంటి దక్షిణాసియా మహిళా సంస్థల్లో భర్త వీసా మీద ఆధారపడ్డ భార్యల కేసులు కొత్తేమీ కాదు. ఏదైనా సరే పరీక్ష ఒకటే: ఎవరికి, ఎక్కడ, ఇప్పుడు ఏం జరుగుతోంది, మీరు దేన్ని ముట్టుకోగలరు, మారిందని ఎలా తెలుస్తుంది. ఈ అయిదింటికీ ఒక్క పేజీలో జవాబు రాయలేకపోతే ఇంకో ఆరు నెలలు ఆగి రాయండి. నష్టం లేదు.

కాలేజీని తనిఖీ చేయడం

యూనివర్సిటీ మొత్తానికి గుర్తింపు ఉండాలి. దీన్ని అమెరికా విద్యాశాఖ డేటాబేస్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. తర్వాత సీఎస్‌డబ్ల్యూఈ, అంటే సోషల్ వర్క్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే కౌన్సిల్. బీఎస్‌డబ్ల్యూ (బ్యాచిలర్స్), ఎంఎస్‌డబ్ల్యూలకు చాలాకాలంగా గుర్తింపు ఇస్తున్న ఈ సంస్థ డీఎస్‌డబ్ల్యూలకు ఇవ్వడం ఈ మధ్యే మొదలుపెట్టింది. అందుకే మంచి పేరున్న యూనివర్సిటీ కూడా ఇంకా క్యాండిడసీ దశలో, అంటే గుర్తింపు కోసం పరిశీలనలో, ఉండొచ్చు. అది తప్పేమీ కాదు, కానీ ఏ దశలో ఉందో సీఎస్‌డబ్ల్యూఈ డైరెక్టరీలోనే చూడండి, అడ్మిషన్ కౌన్సిలర్ నోటిమాట మీద వదిలేయొద్దు. సీఎస్‌డబ్ల్యూఈ పీహెచ్‌డీలకు గుర్తింపు ఇవ్వదు కాబట్టి అక్కడ వాటిని వెతికి కంగారుపడనక్కర్లేదు.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు అదనంగా ఒకటి అడగాలి. ఆన్‌లైన్ చదువుల కోసం రాష్ట్రాలు చేసుకున్న సారా ఒప్పందంలో కాలిఫోర్నియా చేరలేదు. బయటి రాష్ట్రపు యూనివర్సిటీకి మిమ్మల్ని చేర్చుకునే వీలుందో లేదో ముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఇక స్వభావం. యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియా 2007లో క్లినికల్ వైపు మొగ్గు ఉన్న డీఎస్‌డబ్ల్యూను మొదలుపెట్టింది. యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా)ది వేరే దారి. సోషల్ వర్క్ రంగం ముందున్న పెద్ద సవాళ్లంటూ 2016లో ప్రకటించిన ‘గ్రాండ్ చాలెంజెస్’ అనే జాబితా చుట్టూ, సామాజిక ఆవిష్కరణ మీద నడుస్తుంది. సామాజిక ఒంటరితనాన్ని రూపుమాపడం ఆ జాబితాలో ఒకటి. టెన్నెసీ, బఫలో, కెంటకీ ప్రభుత్వ యూనివర్సిటీలు. టులేన్, సిమన్స్ ప్రైవేటువి. వెబ్‌సైట్లు అన్నీ ఒకేలా మెరుస్తాయి. వాటికంటే పూర్తయిన విద్యార్థుల ప్రాజెక్టు పేర్లు చదివితే ఆ కాలేజీ దేన్ని గౌరవిస్తుందో తెలుస్తుంది. మీ సమస్యకు దగ్గరగా పనిచేస్తున్న ప్రొఫెసర్ ఒక్కరైనా లేని చోట చేరొద్దు.

కాగితాలు

సాధారణంగా అడిగేవి: ఎంఎస్‌డబ్ల్యూ, దాని తర్వాత రెండు మూడేళ్ల అనుభవం, ట్రాన్‌స్క్రిప్టులు, సిఫార్సు లేఖలు, రాసిన నమూనా ఒకటి, వీడియో ఇంటర్వ్యూ. జీఆర్‌ఈ చాలాచోట్ల అడగరు.

ఇండియాలో ఎంఎస్‌డబ్ల్యూ చేసినవాళ్లకు అసలు చిక్కు ట్రాన్‌స్క్రిప్టుల దగ్గరే. సీఎస్‌డబ్ల్యూఈ దగ్గర విదేశీ సోషల్ వర్క్ డిగ్రీలను పరిశీలించే సేవ ఉంది. మార్కుల మెమో ఒక్కటే చాలదనుకుని బయల్దేరండి. అమెరికా ఎంఎస్‌డబ్ల్యూలో ఫీల్డ్‌వర్క్ కనీసం 900 గంటలు. మన కాలేజీల్లో వారానికి రెండు రోజులు ఫీల్డ్‌కు పంపినా, గంటలు ఎక్కడా రాసిపెట్టి ఉండకపోవచ్చు. కాలేజీ లెటర్‌హెడ్ మీద గంటలు, ఏజెన్సీ పేరు, సూపర్‌వైజర్ హోదా రాయించుకోవడం, సీల్డ్ కవర్ కోసం పరీక్షల విభాగం చుట్టూ తిరగడం ఫోన్ మీద అయ్యే పని కాదు. ఊళ్లో ఎవరైనా ఉంటే వాళ్లకు ఆథరైజేషన్ లెటర్ ఇచ్చి పంపండి. దరఖాస్తు గడువుకు ఆరు నెలల ముందే.

డబ్బు

క్రెడిట్‌కు ఎంత అన్నది చూసి మోసపోవద్దు. మొత్తం క్రెడిట్లతో గుణించి, టెక్నాలజీ ఫీజు, ఏడాదికోసారి క్యాంపస్‌కు రమ్మంటే ఆ ప్రయాణం కలపండి. పీహెచ్‌డీలో లాగా స్టైపెండ్ ఇక్కడ మామూలుగా ఉండదు. అప్పు తీసుకోవాలంటే కొత్త లెక్క తెలిసి ఉండాలి: 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు చేసేవారికి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ రుణాలు లేవు. సాధారణ గ్రాడ్యుయేట్ విద్యార్థికి ఫెడరల్ రుణం ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం మీద లక్ష డాలర్లు. ఎంఎస్‌డబ్ల్యూ అప్పు కూడా ఆ లక్షలోకే వస్తుందని మర్చిపోవద్దు. హెచ్-4, హెచ్-1బీ వాళ్లకు ఫెడరల్ రుణం అసలే రాదు.

ముందు హెచ్ఆర్‌ను అడగండి. యజమాని చదువుకిచ్చే సాయంలో ఏడాదికి 5,250 డాలర్ల వరకు మీకు పన్ను ఉండదు. ప్రభుత్వ, లాభాపేక్షలేని సంస్థల్లో పనిచేసేవారికి 120 అర్హమైన వాయిదాల తర్వాత మిగిలిన ఫెడరల్ అప్పు మాఫీ చేసే పథకమూ ఉంది.

చేరాక

ఇండియాలో ఉండి చేరేవాళ్లు గడియారం చూసుకోండి. వేసవిలో కాలిఫోర్నియాలో సాయంత్రం ఆరంటే మనకు మర్నాడు ఉదయం ఆరున్నర. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక ఏడున్నర, సరిగ్గా ఆఫీసుకు బయల్దేరే వేళ. కెమెరా ఆపేసి బస్సులోంచి వినొచ్చనుకోకండి. క్లాసులు చిన్నవి, పేరు పెట్టి పిలుస్తారు.

మొదటి ఏడాది చదవడం, రాయడం. ఏపీఏ అనే వ్యాసరచన పద్ధతి చేతికి పట్టే దాకా కాస్త విసుగు. రెండో ఏడాదిలో ప్రాజెక్టు మొదలయ్యాక రెండు అనుమతులు కావాలి. మీ సంస్థ నుంచి ఒకటి, మనుషుల మీద చేసే పరిశోధనలను పరిశీలించే యూనివర్సిటీ కమిటీ ఐఆర్‌బీ నుంచి ఒకటి. మీది సేవల మెరుగుదల పనే, పరిశోధన కాదు అనిపించినా ఆ మాట మీరు అనుకుంటే చాలదు, ఐఆర్‌బీ అనాలి. అది వచ్చేదాకా పేషెంట్ల ఫైళ్లు తెరవొద్దు. ఉద్యోగరీత్యా రోజూ తెరిచే ఫైళ్లే అయినా ప్రాజెక్టు కోసం తెరవడం వేరు. సంస్థ అనుమతి ఒక మేనేజర్ ఇష్టం మీద నిలబడకుండా చూసుకోండి. ఆయన ఉద్యోగం మారితే మీ సమాచారం ఆయనతోపాటే పోతుంది. లీగల్ విభాగం సంతకం ఉన్న కాగితం ఉంచుకోండి.

ప్రాజెక్టు సమయానికి పూర్తికాకపోతే ప్రతి సెమిస్టర్‌కూ కొనసాగింపు ఫీజు కట్టాల్సి రావచ్చు. చేరేముందు అడ్మిషన్ వాళ్లను ఇవి అడగండి: ఆ ఫీజు ఎంత, ఎన్నేళ్ల లోపు పూర్తి చేయాలి, గత బ్యాచ్‌లో ఎంతమంది సమయానికి బయటపడ్డారు. మూడోదానికి సూటిగా జవాబు రాకపోతే ఇంకో కాలేజీకి ఫోన్ చేయండి.